ఆల్చిప్పలో దాగిన సగం జీవితం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగశాల. గాజు పాత్రలో సముద్రపు నీళ్లు, అడుగున శుభ్రం చేసిన ఆల్చిప్పలు. కాథ్లీన్ డ్రూ-బేకర్ వాటి మీద ఎర్ర నాచు సిద్ధబీజాలు చల్లి ఎదురుచూస్తున్నారు. ఆ నాచు పేరు పోర్ఫైరా అంబిలికాలిస్. వేల్స్ తీరంలో జనం గంటల తరబడి ఉడకబెట్టుకు తినే నాచు ఇలాంటిదే.

ఆ గదిలో ఆమెకు చోటుంది గానీ అధ్యాపక ఉద్యోగం లేదు. 1922లో అక్కడే వృక్షశాస్త్రంలో ప్రథమశ్రేణి పట్టా పుచ్చుకుని పాఠాలు చెప్పారు. 1928లో హెన్రీ రైట్ బేకర్‌ను పెళ్లాడారు. పెళ్లయిన ఆడవాళ్లను అధ్యాపకులుగా ఉంచుకోకూడదన్న నిబంధనతో ఆ కొలువు పోయింది. ఆయన కూడా అధ్యాపకుడే. ఆయన కొలువుకు మాత్రం ఏ ఢోకా లేదు!

ఆమెను వేధించిన ప్రశ్న చిన్నదే. ఈ నాచు ఆకు మందం ఒకే ఒక్క కణం. జిగురులో పక్కపక్కన ఒదిగిన కణాలు, ఒక్కోదానిలో నక్షత్రంలా చేతులు చాచిన వర్ణరేణువు. కాండం లేదు, వేరు లేదు. అడుగు కణాలే పోగుల్లా సాగి బండను కరుచుకుంటాయి. అంచుల్లో పురుషబీజాలు పుడతాయి, కానీ ఎర్ర శైవలాల్లో ఏ దశలోనూ ఈదే తోక ఉండదు. అలలు ఎటు తోస్తే అటే. అదృష్టవశాత్తు ఆడకణాన్ని చేరితే ఫలదీకరణ జరిగి సిద్ధబీజాలు విడుదలవుతాయి. ఆ తర్వాత అవి ఏమైపోతున్నాయి?

పాత్రలోని గుల్లల్లో గులాబీ రంగు తేలింది. సూక్ష్మదర్శినిలో చూస్తే, సున్నపు పొరను తొలుచుకుంటూ పోయిన సన్నని కొమ్మల పోగులు! శాస్త్రవేత్తలకు అవి పాత పరిచయమే. 1892లోనే వాటిని కాంకోసెలిస్ రోజియా అనే వేరే జాతిగా లెక్క రాసేశారు. అది వేరే జాతి కాదు, పోర్ఫైరాకే మరో రూపమని చెబుతూ ఆమె రాసిన చిన్న పత్రం 1949 అక్టోబరు 29 ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఆకులో క్రోమోజోముల సెట్టు ఒకటే, గుల్లలోని పోగుల్లో రెండు. ఆ పోగులు విడిచే మరో రకం సిద్ధబీజాలు మొలకెత్తేటప్పుడు క్షయకరణ విభజన జరిగి, మళ్లీ ఆకు పుడుతుంది. ఈ ముడులన్నీ తర్వాతి పరిశోధకులు విప్పారు.

ఆమె కనిపెట్టినదాని విలువ జపాన్‌కు తెలిసింది. అక్కడ తినే నోరి నాచు పోర్ఫైరాకు దగ్గరి చుట్టమే. వేసవిలో మాయమై చలికాలంలో మళ్లీ కనిపిస్తుంది. విత్తు ఎక్కడిదో తెలియక రైతులు కడలిలో వెదుళ్లు పాతి, వలలు కట్టి దైవం మీద భారం వేసేవారు. అందుకే దాన్ని జూదపు గడ్డి అన్నారు. క్యూషూ విశ్వవిద్యాలయంలో సొకిచి సెగావా ఈ సంగతి అందుకున్నారు. కుమమొతోలో ఫుసావో ఓతా గుల్లల్లో విత్తు పెంచి వలలకు పట్టించే పద్ధతి సాధించారు. జూదం సాగుగా మారింది.

డ్రూ-బేకర్ 1957లో కన్నుమూశారు. 1963లో అరియాకే సముద్రం ఒడ్డున, ఉతోలో ఆమెకు స్మారక శిల నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ నివాళి అర్పిస్తారు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా జపాన్ చూడలేదు.