పేరు పెట్టినవాళ్లు, పేరు చెప్పినవాళ్లు

కలకత్తా వెళ్లినవాళ్లు శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో మర్రిచెట్టు చూసి వస్తారు. హుగ్లీకి పడమటి ఒడ్డున, హౌరా వైపు ఉంది తోట. రెండు తుఫానులకు దెబ్బతిని, బూజు సోకిన అసలు మానును 1925లో తీసేశారు. ఇప్పుడు చెట్టును నిలబెడుతున్నవన్నీ ఊడలే. నేనూ ఆ ఊడల మధ్య చాలాసేపు తిరిగాను. అయితే నన్ను అక్కడికి రప్పించింది మర్రి కాదు, మన సామర్లకోట.

ఈ తోట ఈస్టిండియా కంపెనీది. కల్నల్ రాబర్ట్ కిడ్ ప్రతిపాదనతో 1787లో మొదలైంది. 1770 కరువులో బెంగాల్ మాడిపోయింది కనుక జనానికి తిండినిచ్చే చెట్లు పెంచుదామన్నాడాయన. కంపెనీకి మాత్రం ఓడలకు టేకు, వ్యాపారానికి సుగంధద్రవ్యాలు కావాలి. ఆకలి, లాభం ఒకే మడిలో నాటుకున్నాయి.

1793లో ఇక్కడికి సూపరింటెండెంటుగా వచ్చిన విలియం రాక్స్‌బరో అంతకుముందు సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశీలించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు గురించి, అద్దకం పద్ధతితో సహా వివరంగా రాశాడు. మన సోమిద చెట్టు పేరే తర్వాత శాస్త్రంలో ‘సోయ్‌మిడా’ అయింది. అంటే ఎవరో ఆయనకు పేర్లు చెప్పారు, వేరు తవ్వి చూపారు, రంగు తీసి చూపారు. వాళ్లందరినీ ఆయన ‘తెలింగలు’ అన్న ఒక్క మాటలో సర్దేశాడు. ఆ తెలింగల్లో ఆడవాళ్లున్నారా అని అడిగితే ఆ మాట బదులు చెప్పదు.

బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారులదీ అదే గతి. 1810లో ఈ తోటకు వచ్చిన మరియా గ్రాహం వాళ్ల పనితనాన్ని మెచ్చుకుంటూ రాసింది. ఆమె కూడా స్త్రీయే, రచయిత్రే. ఆమె రాతలోనూ వాళ్లు పేరు లేనివాళ్లే. స్త్రీ అయినంత మాత్రాన పాలకుల చూపు దానంతటది మారిపోదు.

చెట్లకు ఆడవాళ్ల పేర్లు అసలు లేవని కాదు. బర్మాలో కనబడ్డ అందమైన పూలచెట్టుకు నథానియల్ వాలిచ్, గవర్నర్ జనరల్ ఆమ్హెర్స్ట్ భార్య, కూతుళ్ల పేరిట ‘ఆమ్హెర్స్టియా’ అని పెట్టాడు. లేడీ ఆమ్హెర్స్ట్ స్వయంగా మొక్కలు సేకరించిన మనిషి. అయినా ఆ పేరు వినగానే గుర్తొచ్చేది ఆమె భర్త హోదానే.

స్వాతంత్ర్యం తర్వాత బొటానికల్ సర్వేను పునర్వ్యవస్థీకరించడానికి నెహ్రూ పిలుపు మీద తిరిగి వచ్చిన శాస్త్రవేత్త జానకీ అమ్మాళ్. చెరకు మీద, క్రోమోజోముల మీద పనిచేసి అప్పటికే పేరు పొందిన మనిషి. 1955లో ప్రిన్స్‌టన్‌లో భూమిని మనిషి మారుస్తున్న తీరు మీద జరిగిన పెద్ద సదస్సులో మాట్లాడుతూ ఆమె ఎంచుకున్న విషయం, మన దేశంలో జనం పొట్టపోసుకునే సాగు. మొక్కల శాస్త్రాన్ని మళ్లీ వాటితో బతికే మనుషుల దగ్గరికి తెచ్చిందామె. 2009లో ఈ తోటకు జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. గొప్పవాడే, అభ్యంతరం లేదు. ఆమె పేరు ఎవరికైనా తట్టిందా అన్నదే నా ప్రశ్న.

మనం చేయగల పని ఒకటుంది. రాక్స్‌బరో సంపుటాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో వంకరపోయిన తెలుగు పేర్లను తిరిగి తెలుగులో రాసుకోవాలి. ఆ పేర్లు ఇంకా ఎవరి నోట బతికున్నాయో వెళ్లి అడగాలి. ఈసారి మొక్క పేరు పక్కనే, చెప్పినామె పేరు కూడా రాయాలి.