నలుపు తెలుపుల చిత్రం – ఉత్తర తెలంగాణ రంగులు

ఈనాటి చలనచిత్రాన్ని నలుపు తెలుపుల్లో తీయవలెనా అన్న ప్రశ్న కొన్నేళ్ళుగా మళ్ళీ వినవస్తోంది. మెక్సికోలో కువారోన్ ‘రోమా’ (2018) తీసిన తరువాత, హిందీలో ‘భీడ్’ (2023), మలయాళంలో ‘భ్రమయుగం’ (2024) వచ్చిన తరువాత, రంగు లేకపోవడమే గాంభీర్యానికి గుర్తు అనే అభిప్రాయం మన విద్యార్థి మిత్రులలో కూడా బలపడుతున్నది. రంగు వ్యాపారానిదనీ, నలుపు తెలుపు కళదనీ వారు పంపకం చేసేస్తున్నారు. ఈ పంపకానికి చరిత్రలో ఎంత ఆధారం వున్నదో కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలను ఎదుట పెట్టుకుని చూడవలసి వుంది.

ముందు ధర సంగతి. 1963లో ‘లవకుశ’ పూర్తిగా రంగుల్లో వచ్చేదాకా తెలుగు నిర్మాతకు నలుపు తెలుపు ఒక ఎంపిక కానే కాదు. అందుబాటులో వున్నది అదే. రంగు ఫిలిం విదేశాల నుంచి రావాలి. దానికి విదేశీ మారకద్రవ్యం కావాలి, ప్రభుత్వపు అనుమతి కావాలి. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లే వెన్నెల కాయించాడంటే అది చేతనున్న సరంజామాతో సాధించిన ఘనత. దానికే 2010లో రంగులు పూసి మళ్ళీ విడుదల చేశారు. ఆ పనిని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు.

ఆ నలుపు తెలుపుల యుగంలో మన ప్రాంతం తెర మీద ఎక్కడున్నది? 1909లో కరీంనగరంలో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి చేరి, మూకీల కాలం నుంచి నటించి, 1980 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం పొందాడు. ఆయన ధరించిన పాత్రలు టిప్పు సుల్తాన్, అమర్‌సింగ్ రాఠోడ్ వంటి వీరులవి. మనిషి తెరకెక్కాడు గాని అతని ఊరు ఎక్కలేదు.

ఆదిలాబాదు కథ మరొకటి. 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసులు కొమురం భీమును కాల్చి చంపారు. ఆ తరువాత గోండుల అసంతృప్తికి మూలమేమిటో తెలుసుకోవడం ప్రభుత్వానికి అవసరమైంది. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి అధ్యయనం చేశాడు. గిరిజనుల భూమి హక్కుల కోసం ఆయన గట్టిగా వాదించిన మాట నిజమే. ఆయన ఆ దశకంలో తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలు మనకు విలువైన సాక్ష్యం. అయినా ఆ చిత్రాలకు అలవాటు పడిన కంటికి గోండు జీవితం బూడిదరంగులో గడ్డకట్టిన గతంగా కనబడుతుంది. దండారి రోజుల్లో గుస్సాడీ నర్తకుడు తలకెత్తుకునే నెమలి పింఛాల కిరీటాన్ని చూసినవాడికి ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఆ కిరీటం గతించిపోలేదు.

ఇక నలుపు తెలుపుల పక్షాన అందరూ చూపే ఉదాహరణ ‘మాభూమి’. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, గౌతం ఘోష్ దర్శకత్వంలో తయారై 1980లో ప్రదర్శనకు వచ్చిన ఈ చిత్రానికి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. తెలంగాణా సాయుధ పోరాటం దాని వస్తువు. చిన్న పెట్టుబడి, పల్లె జనం, ఎండ వెలుతురు, వీటితోనే ఆ చిత్రం నిలిచింది. గద్దర్ పాటకు హాలులో ప్రేక్షకులు గొంతు కలిపారంటే తెర మీద రంగు వున్నదా లేదా అని ఎవరూ అడగలేదన్న మాట. కాని ఇక్కడ ఒక సంగతి మరవరాదు. దానికి ఆరేళ్ళ ముందే తెలంగాణా భూస్వామ్యం మీద శ్యాం బెనెగల్ తీసిన ‘అంకుర్’ (1974) రంగుల చిత్రం. రంగు వున్నంత మాత్రాన అందులో దొర దౌర్జన్యం పలచబడలేదు. కనుక ‘మాభూమి’ బలాన్ని దాని ఫిలింలో వెతికే యువ దర్శకుడు, ఆ నిర్మాతల పొదుపును మాత్రం అనుకరించి వారి వస్తువును వదిలేస్తున్నాడు.

అదే నర్సింగరావు ‘దాసి’ (1988)కి వచ్చేసరికి రంగులను ఎంచుకున్నాడు. ఆ చిత్రానికి కళాదర్శకుడు తోట వైకుంఠం. ఆయనది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి. వైకుంఠం చిత్రాల్లోని తెలంగాణా స్త్రీని ఎరగనివారు తక్కువ: నుదుట పెద్ద కుంకుమ బొట్టు, పసుపు పూసిన ముఖం, ముదురు రంగు చీర. పల్లెలో చిన్ననాడు చూసిన శ్రమజీవుల రూపాలే అవి. ‘దాసి’ ఛాయాగ్రాహకుడు ఎ. కె. బీర్‌కు, వైకుంఠానికి, నటి అర్చనకు, దుస్తులు రూపొందించిన సుదర్శన్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. పురస్కారాల మాట అట్లా వుంచి, గడీలో కట్టుబానిస అయిన స్త్రీ కథకు రంగు ఎందుకు అవసరమైందో ఆలోచించాలి. నలుపు తెలుపు ఫిలిం మీద సమానమైన వెలుగు గల ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగుగా పడతాయి. పసుపు తెల్లబారుతుంది. మన పల్లెల్లో చీర అంచు, గాజులు, కుంకుమ, ఎవరు ఏ మెట్టు మీద వున్నారో చెప్పే లిపి. ఫిలిం ఆ లిపిని చెరిపివేస్తే గడీకీ గుడిసెకూ మధ్యనున్న దూరంలో కొంత భాగం ప్రేక్షకుడికి అందదు. పైగా ఈ రంగులు ఎవరి చేతి పనో కూడా గుర్తుంచుకోవాలి. సిరిసిల్ల మగ్గాల మీద నేసిన బట్ట, నిర్మలలో పొణికి కర్ర బొమ్మలకు వేసే వన్నెలు – ఇవన్నీ చేతివృత్తుల వారి ఆస్తి. రంగును వ్యాపారానికి అప్పగించడమంటే ఆ ఆస్తిని వారి చేతి నుంచి లాక్కోవడమే.

‘భీడ్’ విషయంలో నా అభ్యంతరం ఇదే. 2020లో లాక్‌డౌన్ వేళ కాలినడకన ఇళ్ళకు బయలుదేరిన వలస కార్మికుల కథ అది. ఆనాటి దృశ్యాలు 1947 నాటి విభజనను తలపించాయని దర్శకుడు అనుభవ్ సిన్హా చెప్పాడు. ఆ పోలిక బాధతో పుట్టిందే, సందేహం లేదు. కాని భివండీకో బొంబాయికో దుబాయికో పోయిన కరీంనగర్ కార్మికుడికి 2020 చరిత్ర కాదు, తీరని అప్పు. అతని నిన్నటి కష్టాన్ని డెబ్బై ఏళ్ళ వెనక్కి నెడితే జవాబు చెప్పవలసినవారు సుఖంగా తప్పించుకుంటారు. ఇప్పుడు కెమెరాలు రంగులోనే తీస్తాయి, రంగును తరువాత తీసివేస్తారు. కాబట్టి లేమి అనే సమాధానం కూడా ఇక చెల్లదు. ఎందుకు తీసివేశావని అడిగే హక్కు విమర్శకుడికి వున్నది.

అట్లాగని నలుపు తెలుపులను బహిష్కరించమనడం మూర్ఖత్వం. ‘భ్రమయుగం’లో శిథిలమైన మనలో చిక్కిన పాణన్ కులపు గాయకుడికీ, యజమానికీ మధ్య సాగే కథకు ఆ చీకటి తగినది, వెలుతురు ఎవరి చేతిలో వున్నదనేదే అక్కడ అసలు ప్రశ్న. మన దగ్గర అటువంటి చోటు బొగ్గు బాయి. బెల్లంపల్లిలో 1920ల చివర మొదలైన భూగర్భ గనుల్లో, తరువాత గోదావరిఖనిలో, తలమీది దీపం పడిన మేరకే లోకం. అక్కడ బొగ్గూ, చెమట మెరుపూ, ఆ దీపపు వెలుగూ తప్ప కన్ను పట్టే రంగు లేదు. ఆ చీకటిని నలుపు తెలుపుల్లో తీసినవాడు అలంకారం చేసినట్టు కాదు. ‘దసరా’ (2023) బొగ్గుపట్టునే నేపథ్యం చేసుకున్నది గాని, మసి అందులో కథానాయకుడి వేషంగానే ఎక్కువ మిగిలింది. అయితే సింగరేణిలో ఓపెన్‌కాస్టు పెరిగిన కొద్దీ బాయి పని తగ్గిపోతున్నది. ఇప్పుడు బొగ్గు పట్టపగలే తవ్వుతున్నారు. తవ్విపోసిన మట్టి దిబ్బల పక్కన ఖాళీ చేయించిన ఊళ్ళ గోడల మీద వేసిన సున్నమూ, జాజూ ఇంకా కనబడుతూనే వుంటాయి.