ఫ్యాక్షన్ సినిమా

రాయలసీమ పల్లెల్లోని ముఠా కక్షల చుట్టూ అల్లిన తెలుగు నేర చిత్రాలను ఫ్యాక్షన్ సినిమాలంటారు. 1990ల చివర్లో ఊపందుకుని, ఆ తర్వాత అయిదారేళ్లు తెలుగు తెరను ఏలాయి. వేటకొడవళ్లు, నాటుబాంబులు, దుమ్ము రేపుతూ బారులు తీరే సుమోలు వీటి ఆనవాళ్లు.

నేర చిత్రాలే అయినా వీటిలో అపరాధ పరిశోధన ఉండదు. హంతకుడెవరో ఊరంతటికీ తెలుసు. సాక్షి మాత్రం దొరకడు. స్టాలిన్ కాలపు సోవియట్ యూనియన్‌లో నడిచే హాలీవుడ్ చిత్రం ‘చైల్డ్ 44’ (2015)ను పక్కన పెట్టి చూస్తే ఈ తేడా తేటపడుతుంది. టామ్ రాబ్ స్మిత్ నవల ఆధారంగా డేనియల్ ఎస్పినోసా తీసిన ఆ సినిమాలో పిల్లలు వరసగా హతమవుతుంటారు. సోషలిస్టు స్వర్గంలో హత్యలుండవన్నది ప్రభుత్వ సిద్ధాంతం గనక, హత్యను హత్య అనడమే నేరం. నిజం తవ్వబోయిన అధికారికే ముప్పు వస్తుంది. అక్కడ భయపెట్టేది రాజ్యం. ఫ్యాక్షన్ సినిమాలో రాజ్యం ఊళ్లోకే రాదు. వచ్చినా పెద్దాయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడుతుంది. దర్యాప్తు జరగాల్సిన చోట పగ నడుస్తుంది.

ఈ సినిమాలకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ఒక గొంతునిచ్చింది. నటుడు జయప్రకాశ్ రెడ్డి పుట్టింది ఈ రెండు ఊళ్ల నడుమ ఉన్న శిరివెళ్లలో. ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ నాటకాలాడిన ఆయన 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చినా, దశ తిరిగింది జయంత్ సి. పరాన్జీ తీసిన ‘ప్రేమించుకుందాం రా’ (1997)తోనే. అందులో ఫ్యాక్షన్ నాయకుడి వేషం వేసి, సీమ యాసను అచ్చంగా పలికారు. అక్కణ్నుంచి అది విలన్ల యాసగా స్థిరపడింది. తమ మాట తెర మీద వినబడిందని మురిసినవాళ్లే, పైఊళ్లలో నోరు విప్పితే బాంబుల సంగతి అడుగుతున్నారని విసుక్కునే రోజులూ వచ్చాయి.

1999 సంక్రాంతికి బి. గోపాల్ ‘సమరసింహారెడ్డి’ వచ్చి వసూళ్ల లెక్కలు మార్చేసింది. కథ విజయేంద్రప్రసాద్‌ది, మాటలు పరుచూరి సోదరులవి. తర్వాత ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వచ్చాయి. కథానాయకుడు ఎక్కడో అనామకుడిగా బతుకుతుంటాడు; ‘ఇంద్ర’లోనైతే కాశీలో టాక్సీ నడుపుతాడు. ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యాకే అసలు మనిషి బయటపడతాడు.

ఫ్యాక్షన్ మూలాలను పాలెగాళ్ల కాలానికి ముడిపెట్టడం పరిపాటి. ఈ సీమలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీ పాలనపై తిరగబడగా, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. సినిమాకు ఆ వంశగౌరవమే కావాలి. కాంట్రాక్టులు, సారా పాటలు, పంచాయతీ ఎన్నికలు కక్షలకు ఎలా ఎరువయ్యాయో చూపే ఓపిక దానికి తక్కువ.

థ్రిల్లర్ అనదగ్గది వీటిలో కృష్ణవంశీ ‘అంతఃపురం’ (1998). విదేశం నుంచి భర్తతో అత్తింటికి వచ్చిన యువతి, అతను హతమయ్యాక కొడుకును తీసుకుని పారిపోవడానికి పడే పాట్లే కథ. మామ పాత్రలో ప్రకాశ్‌రాజ్‌కు జాతీయ పురస్కారాల్లో జ్యూరీ ప్రత్యేక ప్రస్తావన దక్కింది. ఫ్యాక్షన్ ఇంటిని లోపలి నుంచి, ఆడమనిషి కళ్లతో చూసిన ఈ దారిలో చాలాకాలం ఎవరూ నడవలేదు. రాజమౌళి ‘మర్యాద రామన్న’ (2010) పగను నవ్వులాటగా మార్చింది. త్రివిక్రమ్ ‘అరవింద సమేత’ (2018)లో మాత్రం పెద్ద నరుకుడు మొదట్లోనే జరిగిపోయి, కొడవలి కిందపెట్టడమెలాగన్న ప్రశ్న నాయనమ్మ నోట వస్తుంది.