మెదడు చిన్న రక్తనాళాల వ్యాధి: మెడికల్ కోడింగ్, కేసు పత్రాలు

మెదడు లోతట్టు భాగాలకు రక్తం అందించే సన్నటి నాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే మార్పులన్నిటికీ కలిపి వాడే పేరు మెదడు చిన్న రక్తనాళాల వ్యాధి. దీర్ఘకాలపు రక్తపోటు, వయసు, మధుమేహం, పొగతాగడం ముప్పును పెంచుతాయి. ఎమ్మారైలో తెల్లపదార్థంలో మచ్చలుగా, 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంటలుగా, సూక్ష్మ రక్తస్రావపు చుక్కలుగా కనిపిస్తుంది. కారణాలూ రూపాలూ ఇన్ని ఉండటంతో దీన్ని ఒకే కోడ్‌లో ఇమడ్చడం కుదరదు.

అమెరికా ఆసుపత్రులు 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం వర్గీకరణను వాడుతున్నాయి. హైదరాబాద్‌లో ఆ ఆసుపత్రుల కేసులకు కోడ్‌లు ఇచ్చే కోడర్లకూ అదే ఆధారం. అందులో బిన్స్‌వాంగర్ వ్యాధికి ఐ67.3, నాచ్3 జన్యుదోషంతో వచ్చే కాడసిల్‌కు ఐ67.850. అమైలాయిడ్ పేరుకుని నాళాలు పాడైతే ఐ68.0, దానికి ముందు అమైలాయిడోసిస్ కోడ్ ఈ85 రావాలి. తాజా లాక్యునార్ స్ట్రోక్‌కు 2018 అక్టోబరు నుంచి ఐ63.81 ఉంది. డాక్టరు దీర్ఘకాలిక సెరిబ్రల్ ఇస్కీమియా అని రాస్తే ఐ67.82. తెల్లపదార్థపు వ్యాధి అని మాత్రమే ఉండి, కారణం తేలకపోతే ఆర్90.82.

కోడ్ ఎంత సరిగ్గా ఉంటుందన్నది డాక్టరు రాతను బట్టే ఉంటుంది. ఇన్‌పేషెంట్ కేసులో రేడియాలజీ రిపోర్టులోని మాటను చూసి కోడర్ సొంతంగా జబ్బును నిర్ణయించకూడదు. రిపోర్టులో కనిపించిన మార్పుకు ప్రాధాన్యం ఉందని చికిత్స చేస్తున్న డాక్టరు రాయాలి. ‘వయసుకు తగ్గ మార్పులు’ అన్న మాట రోగనిర్ధారణ కాదు. అవుట్‌పేషెంట్ విషయంలో ‘కావచ్చు’, ‘అనుమానం’ అని రాసినవాటికి కోడ్ ఇవ్వరు, లక్షణాలకే ఇస్తారు. స్పష్టత లేకపోతే డాక్టరును అడగాలి, అయితే జవాబును సూచించేలా కాదు.

అన్నిటికన్నా నష్టం చేసే పొరపాటు పాత స్ట్రోక్‌ను తాజా స్ట్రోక్‌కు వాడే ఐ63తో కోడ్ చేయడం. దానివల్ల ఏళ్ల కిందటి జబ్బు రోగి రికార్డులో కొత్త స్ట్రోక్‌గా నమోదవుతుంది. బలహీనత మిగిలితే ఐ69.3 వర్గం, ఏమీ మిగలకపోతే జెడ్86.73 వాడాలి. పక్షవాతం ఏ వైపు వచ్చిందో, రోగిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా పత్రంలో ఉండాలి. వాటం రాయకపోతే కుడి వైపును ప్రధానంగా, ఎడమ వైపును అప్రధానంగా లెక్కిస్తారు. రక్తపోటుకు వేరే కోడ్ జోడించాలి. రక్తనాళాల డిమెన్షియాకు ఎఫ్01 కోడ్‌లో 2022 అక్టోబరు నుంచి తీవ్రత కూడా నమోదు చేయవచ్చు. అందుకే డాక్టరు ‘మతిమరుపు’ అని ఊరుకోకుండా, అది స్వల్పమో, మధ్యస్థమో, తీవ్రమో చెప్పాలి.

పైన చెప్పినవన్నీ ఐసీడీ-10-సీఎం కోడ్‌లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమల్లోకి తెచ్చిన తర్వాతి కూర్పు ఐసీడీ-11లో స్ట్రోక్‌ను రక్తప్రసరణ వ్యాధుల అధ్యాయం నుంచి నాడీమండల వ్యాధుల అధ్యాయానికి మార్చారు.