బర్డ్ ఫ్లూ నిఘా, నిర్ధారణ పరీక్షలు: తిరుపతి, చిత్తూరు జిల్లాలు

బర్డ్ ఫ్లూ అనేది ఇన్‌ఫ్లుయెంజా–ఏ వైరస్ వల్ల పక్షులకు సోకే అంటువ్యాధి. వైరస్ పైపొర మీద ఉండే హెచ్, ఎన్ ప్రొటీన్లను బట్టి దీని ఉపరకాలకు పేర్లు పెట్టారు. కోళ్లను మందలకు మందలుగా చంపే రకాలు హెచ్5, హెచ్7 వర్గాల్లో ఉన్నాయి. అడవి బాతుల వంటి నీటిపక్షులు ఈ వైరస్‌కు సహజ ఆశ్రయాలు. అవి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రెట్టల ద్వారా వైరస్‌ను నీటిలోకి వదలగలవు. భారతదేశంలో ఈ వ్యాధి కోళ్లలో తొలిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది.

ప్రాంతీయ నేపథ్యం

  తిరుపతి జిల్లా తూర్పు అంచున పులికాట్ సరస్సు, దానికి దగ్గరలో నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉన్నాయి. మధ్య ఆసియా వలస మార్గంలో వచ్చే బాతులు, ఉల్లంకులు శీతకాలంలో పులికాట్‌లో దిగుతాయి. ఫ్లెమింగోలు అక్కడే మేత మేస్తాయి. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. కోతలయ్యాక తీరప్రాంత మాగాణుల్లోకి పెంపుడు బాతుల మందలను తోలుకొస్తారు. అడవి పక్షి, పెంపుడు పక్షి ఒకే మడుగులో నీళ్లు తాగే చోటు అదే.

పడమట చిత్తూరు జిల్లాలో బ్రాయిలర్, లేయర్ ఫారాలు, పెరటి నాటుకోళ్లు ఉన్నాయి. పక్కనే తమిళనాడు సరిహద్దు కావడంతో కోళ్లు, గుడ్లు, దాణా లారీల్లో అటూ ఇటూ తిరుగుతుంటాయి. వైరస్ పక్షి రెక్కల మీదే రానక్కర్లేదు. లారీ చక్రాలకు, గుడ్ల ట్రేలకు, కూలీల చెప్పులకు అంటుకున్న రెట్ట చాలు.

పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ ఈ వ్యాధి నిర్ధారణ అయింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడింది.

నిఘా రెండు విధాలు

మొదటిది సమాచారం మీద ఆధారపడే నిఘా. షెడ్డులో ఉన్నట్టుండి మరణాలు పెరిగినా, తురాయి నీలం తిరిగినా, తల వాచినా, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపించినా, గుడ్లు ఒక్కసారిగా తగ్గినా రైతు పశువైద్యుడికి కబురు చేయాలి. కొక్కెర తెగులులోనూ ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి, చూపుతో తేల్చడం ఎంత అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు.

రెండోది క్రియాశీల నిఘా. జబ్బు జాడ లేకపోయినా ఫారాలు, పెరటి కోళ్లు, సంతలు, కోడిమాంసం దుకాణాల నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తారు. వలస పక్షులు వచ్చే కాలంలో దీన్ని ముమ్మరం చేస్తారు.

నమూనా సేకరణ

పీపీఈ కిట్, మాస్కు, చేతి తొడుగులు వేసుకున్నాకే సిబ్బంది పక్షిని ముట్టుకుంటారు. ఒకరు కోడిని రెక్కలు కదలకుండా పట్టుకుంటే, మరొకరు సన్నని పుల్లకు చుట్టిన దూది కొసతో గొంతు లోపల, తర్వాత మరో పుల్లతో మలద్వారంలో తుడుస్తారు. ఆ కొసను వైరస్ చెడిపోకుండా కాపాడే ద్రావణమున్న సీసాలో ముంచి, బయట మిగిలిన పుల్లను విరిచేసి మూత బిగిస్తారు. చనిపోయిన పక్షుల శ్వాసనాళం, ఊపిరితిత్తులు, ప్లీహం, మెదడు వంటి భాగాలు సేకరిస్తారు. సీసాలకు గుర్తులు వేసి, మూడు పొరల ప్యాకింగులో మంచు ప్యాకుల నడుమ పంపుతారు. దారిలో చల్లదనం తప్పితే వైరస్ నశించి, రోగమున్నా లేదన్న ఫలితం రావచ్చు.

ప్రయోగశాలలో

అనుమానిత నమూనాల తుది నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థలో జరుగుతుంది. ఆర్‌టీ–పీసీఆర్ పరీక్షతో ముందు ఇన్‌ఫ్లుయెంజా–ఏ ఉందో లేదో చూసి, ఆపై అది హెచ్5, హెచ్7, హెచ్9లలో ఏదో తేలుస్తారు. పిండమున్న కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి వేరుచేస్తారు. జన్యుక్రమ విశ్లేషణతో దాని తీవ్రతను, బంధుత్వాన్ని గుర్తిస్తారు. రక్తంలో యాంటీబాడీలను చూసే ఎలీసా, హెచ్ఐ పరీక్షలు గతంలో సోకిన ఆనవాళ్లను చెబుతాయి.

అడవి పక్షులు, జూ పార్కులు

అడవి పక్షులను పట్టడం కష్టం, అవి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. అందుకే పక్షులు వాలే చోట తాజా రెట్టలను, చనిపోయిన పక్షుల కళేబరాలను ప్రధానంగా పరీక్షిస్తారు. ఇందుకు అటవీ, పశుసంవర్ధక శాఖలు కలిసి పనిచేయాలి. 2024 చివర్లో నాగపూర్‌లోని గోరెవాడ వన్యప్రాణి కేంద్రంలో హెచ్5ఎన్1 సోకి పులులు, చిరుత చనిపోవడంతో, తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ పార్కు వంటి చోట్ల మృగాలకు వేసే మాంసం మీదా కన్నేసి ఉంచవలసిన అవసరం స్పష్టమైంది.

నిర్ధారణ తర్వాత

వ్యాధి ఖాయమైతే అది బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు లోపలి ప్రాంతాన్ని వ్యాధిగ్రస్త మండలంగా, అక్కడి నుంచి పది కిలోమీటర్ల దాకా నిఘా మండలంగా ప్రకటిస్తారు. లోపలి మండలంలో కోళ్లను చంపి పూడ్చి, గుడ్లు, దాణా ధ్వంసం చేసి, షెడ్లను శుద్ధి చేస్తారు. రైతుకు పరిహారం ఇస్తారు. కోళ్లను తాకిన కూలీల ఆరోగ్యాన్ని వైద్య సిబ్బంది గమనిస్తారు. ఆ తర్వాత విడతలవారీ పరీక్షల్లో వైరస్ లేదని తేలాకే కొత్త పిల్లలను వదలనిస్తారు.

తీవ్ర రకపు బర్డ్ ఫ్లూకు కోళ్లలో టీకా వేయడం భారతదేశ విధానం కాదు. తొందరగా కనిపెట్టి, సోకిన మందను తొలగించడమే ఇక్కడి పద్ధతి. కాబట్టి ఈ నిఘా గొలుసులో మొదటి లంకె రైతు ఇచ్చే సమాచారం. చనిపోయిన కోళ్లను కాలువలో పారేయకుండా, మిగిలినవాటిని తెగనమ్మకుండా, ఆ రోజే పశువైద్యశాలకు చెప్పడం ఊరందరి కోళ్లనూ, మనుషులనూ కాపాడుతుంది.