మన తీరమందలి మత్స్యశిల్పులు, చిత్రకారులు



మన మహాసభలలో వంశగౌరవమును గూర్చి పలుకవలసి వచ్చినపుడెల్ల మనవారు శ్రీరామచంద్రుని గంగ దాటించిన గుహుని స్మరింతురు. వ్యాసభగవానుని కన్నతల్లి సత్యవతీదేవిని స్మరింతురు. స్మరింపవలసినదే. కాని గుహునికిని మనకును నడుమగల కాలమున మనవారేమి చేసిరి, దేనికి భయపడిరి, దేనిని చూచి మురిసిరి యని అడిగినచో ఉపన్యాసకులు మౌనము వహింతురు. మనకు చరిత్ర లేదనియు, నీటిపై వ్రాసిన వ్రాత నిలువదనియు పెద్దలు సైతము నిట్టూర్చుట కలదు. ఈ మాట సత్యము కాదని నా మనవి. మన చరిత్ర తాళపత్రములపై లేకపోవచ్చును. రాతిపైనను, మట్టిపైనను, కొయ్యపైనను, కాగితముపైనను గలదు. చేపను, వేటను, వేటగాని దైవమును రూపించిన శిల్పులును చిత్రకారులును మనకు ఆ చరిత్రను వ్రాసిపెట్టిరి. వారి పని కొంత నిలిచినది. వారి పేరులు మాత్రము నిలువలేదు. ఈ వ్యాసము వారినిగూర్చినది.

ముందుగా రాజుల శిల్పమును, ఆలయ శిల్పమును చూతము. చేప మన దేశమున మంగళచిహ్నము. నాగార్జునకొండయందలి బుద్ధపాదములపై పూర్ణకుంభము, స్వస్తికము మొదలగు చిహ్నములతోపాటు మీనమును చెక్కిరి. పాండ్యరాజులు మీనమునే ధ్వజముగా ధరించిరి. మనకు దక్షిణమున ఒడ్డాదిని ఏలిన మత్స్యవంశపు రాజులు తమ వంశమూలమును ఒక మత్స్యమునందే చూచుకొనిరి. శకవర్షము 1191, అనగా క్రీ.శ. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనమున ఆ కథ వర్ణితమైనది. ఒరిస్సాలో చౌరాసి యను గ్రామమునగల వారాహీదేవి ఒక చేత కపాలమును, ఒక చేత చేపను పట్టియున్నది. మన శ్రీకూర్మక్షేత్రమున కూర్మావతారుడే మూలవిరాట్టు. అచ్చటి ప్రదక్షిణ మంటపపు గోడలపై వర్ణచిత్రములు గలవు. దశావతారములను చెక్కిన ప్రతి శిల్పియు మొదట మత్స్యమూర్తినే చెక్కవలసినవాడు.

ఇన్ని చేపలున్నను, వీనిలో చేపను పట్టినవాడెక్కడ? మీనము దైవమైనది, ధ్వజమైనది, శాసనమైనది; వల లాగినవాని భుజములు మాత్రము ఈ శిల్పములందు కానరావు. శాతవాహనుడగు యజ్ఞశ్రీ తన నాణెములపై రెండు కొయ్యల ఓడను ముద్రింపించెను. ఆ ఓడ వెలసినది మన తూర్పుతీరపు వర్తకమువలననే. కాని అందును నావికుని ముఖము లేదు. మఱి ప్రాచీన శిల్పులలో సముద్రముపై మానవుని భయమును చూచినవాడు ఒక్కడు గలడు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమునాటి భర్హుత్ స్తూపమున ఒక గుండ్రని ఫలకము గలదు. నేడది కలకత్తా మ్యూజియమునందున్నది. అందొక మహామత్స్యము నోరు తెఱచి, మనుష్యులతో కూడిన పడవను మ్రింగబోవుచున్నది. వసుగుప్తుడనువాడు తిమితిమింగిలపు కుక్షినుండి మహాదేవునివలన రక్షింపబడెనని దానిపై వ్రాత. సముద్రమునకు ఎన్నడును పోనివానికి ఇది కథ. పోయి మరల వచ్చినవానికి ఇది నిన్నటి రాత్రి.

ఇక కాగితముపై చేపలకు వత్తము. 1781లో పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు మన దేశమునకు వచ్చెను. అతని సోదరుడు క్లాడ్ రసెల్ విశాఖపట్టణమున కంపెనీవారి యధికారి. పాట్రిక్ 1785లో కర్ణాటదేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా కంపెనీవారిచే నియమింపబడెను. అతడు విశాఖపట్టణపు ఒడ్డున పల్లెకారులు తెచ్చిన చేపలను పరిశీలించి, మనదేశపు చిత్రకారునిచే వాని రూపములను వ్రాయించెను. 1803లో లండనులో రెండు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథమున ఇన్నూరు చేపల వర్ణనలును చిత్రములును గలవు.

ఆ చిత్రకారుని పని యెట్టిదో మన వారికి చెప్పనక్కఱలేదు. వలనుండి తీసిన చేప రంగు గడియలోపల మాఱును. నీటిలోనున్న మెఱపు ఒడ్డున నుండదు. పొలుసుల వరుసలు, రెక్కలలోని ముండ్లు, మొప్పల అంచు, ఇవన్నియు చేప చెడకమునుపే చూచి గీయవలెను. ఒక్క ముల్లు తప్పు వ్రాసినచో శాస్త్రజ్ఞునకు అది వేఱొక జాతి యగును. ఇట్టి పనిని ఆ తెలియని చిత్రకారుడు ఇన్నూరు పర్యాయములు చేసెను.

మఱియొక విశేషము వినుడు. రసెల్ ఆ చేపలకు మనవారు పిలిచిన పేరులనే వ్రాసికొనెను. నల్ల చందువ, తెల్ల చందువ, వంజరము, కోనెము, పాల సొర, తోలుపార, మాగ, పొలస, ఇవన్నియు ఇంగ్లీషు అక్షరములలో, అతని చెవికి వినబడినట్లు, ఆ గ్రంథమునందున్నవి. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చిత్రములను ఆధారముగా గొని లాటిను నామములు పెట్టిరి. ఫ్రాన్సు దేశపు మహాశాస్త్రజ్ఞుడగు కువియే 1829లో మన పొలసకు పలసా యను పేరే యుంచెను. అంతకుమున్ను 1822లో హామిల్టన్ పెట్టిన ఇలీషా యను పేరే పిమ్మట స్థిరపడినను, ఆ మాట గ్రంథములనుండి చెరగలేదు. 1832లో అతడే తోలుపారకిచ్చిన నామమున మన తోలు అను పదము నేటికిని నిలిచియున్నది. సొర అను మాటయు ఒక సొరజాతి లాటిను నామముగా నిలిచియున్నది. ఒడ్డుపై చేపను చూపి దాని పేరు చెప్పిన పల్లెకారుని మాట లోకమంతటి విశ్వవిద్యాలయములకును పోయినది. అతని పేరును, చిత్రించినవాని పేరును పోలేదు. గంగానది చేపలను వర్ణించిన హామిల్టనునకు చిత్రములు వ్రాసిన వంగదేశీయుడు హలూదర్ అని మనకు తెలియును. మన తీరపు చిత్రకారునికి ఆపాటి భాగ్యము కూడ కలుగలేదు.

ఇప్పుడు మన ముఖ్యవిషయమునకు వత్తము. పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు గంజాము జిల్లాలోనివి. ఆపిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాలోనివైనవి. జిల్లాల గీతలు భూమిపై మాఱినవి, సముద్రముపై లేవు. ఆ గంజాము తీరపు తెలుగు పల్లెకారుల గుడులలో నుండిన దైవరూపములను మద్రాసు మ్యూజియము అధ్యక్షుడగు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లోను, 1912లోను ప్రకటించిన గ్రంథములయందు వర్ణించెను. ఆ వర్ణన మన పూర్వుల హృదయమునకు అద్దము.

అందు యేరెనమ్మ కత్తి చేతబట్టి తెల్లగుఱ్ఱమునెక్కి యుండును. ఆమె మనవారిని నీట మునుగకుండను, పెద్దచేపల నోట పడకుండను కాపాడును. ఒరుసంధమ్మ పడవలో నుండును. ఆమె పడవ మునుగకుండ చూచును. భాగీరథమ్మ అనేకహస్తములతో ఏనుగుపై నుండును. రాత్రివేటలో తోడుండుట ఆమె పని. రాజమ్మ నల్లయేనుగుపై కత్తితో నుండును. ఆమె గొడ్రాలికి బిడ్డలను, వేటగానికి నిండువలను ఇచ్చును. వేయికన్నులమ్మకు బొమ్మయే లేదు. అనేక రంధ్రములు గల ఒక కుండ, దానిలో నొక దీపము. ఆ రంధ్రములనుండి వెలుగు నలుదెసల పడును. పల్లెయందలి వారినందఱిని ఆ కన్నులే చూచుచుండును. వీరందఱితోడను బెంగాలీబాబు అను నొక దైవము టోపీ పెట్టుకొని నల్లగుఱ్ఱముపై నుండును. అతడు సమృద్ధిగా చేపలనిచ్చి, నడిసముద్రమున రక్షించును. కళింగపట్నము, బారువ రేవులు ఓడవర్తకముతో కళకళలాడిన కాలమది. ఉత్తరమునుండి వచ్చు టోపీదొర యధికారమును చూచినవారు ఆ యధికారమును గూడ తమ దేవతల కొలువులో చేర్చుకొని, తమ పక్షమున నిలిపిరని నాకు తోచుచున్నది.

ఈ రూపములను ఒక్కొక్కటిగా ఆలోచింపుడు. మునుగుట, పెద్దచేప, పడవ పగులుట, చీకటి, వట్టివల, సంతు లేకుండుట! పల్లెకారుని భయము లేవో అన్నియు ఇందు వరుసగా నున్నవి. ఒక్కొక్క భయమునకు ఒక్కొక్క రూపము. భర్హుత్ శిల్పి వసుగుప్తునికై చెక్కిన దానినే రెండువేల యేండ్లకు పిమ్మట మన పల్లెలోని చేతులు యేరెనమ్మ రూపమున మరల నిలిపినవి. ఆలయములందు లేని పల్లెకారుడు ఈ గుడిలో గలడు; అతని యాపదలే ఇచ్చటి శిల్పమునకు విషయము. దీనికి మించిన కులచరిత్ర మనకేమి కావలెను?

మనవారిలో కొందఱు చదువుకొన్న పిదప ఈ బొమ్మలను చూచి సిగ్గుపడుదురు. టోపీ పెట్టిన దేవుడేమి, కుండలోని అమ్మవారేమి యని నవ్వుదురు. వానిని తీసివేసి, పటములు వ్రేలాడదీసినచో గౌరవము కలుగునని తలంతురు. నేను ఏ దైవమును గాని, ఏ మతమును గాని నిందింపను. కాని తాతలు తమ భయమును చేతితో మలచి నిలిపిన రూపమును, దాని ఆనవాలైనను వ్రాసికొనక తీసివేయుట, దస్తావేజును చింపి పొయ్యిలో వేయుటతో సమానము.

పరదేశములవారు ఈ విషయమున ఎట్లున్నారో చూడుడు. అమెరికా దేశీయుడగు విన్‌స్లో హోమరు (1836–1910) అను చిత్రకారుడు 1881–82లలో ఇంగ్లండు ఉత్తరసముద్రతీరమున కల్లర్‌కోట్సు అను పల్లెలో నివసించి, ఒడ్డున వలలు బాగుచేయు స్త్రీలను, తుపానున పడవకై యెదురుచూచు భార్యలను చిత్రించెను. పిమ్మట స్వదేశమున 1885లో హెఱ్ఱింగు వలను లాగువారిని, పొగమంచు కమ్ముచుండ ఒంటిగా తెడ్డువేయు జాలరిని చిత్రించెను. ఆ చిత్రములు నేడు మహానగరముల మ్యూజియములందున్నవి. ఆతడే కొండసరస్సులయందు వినోదార్థము చేయు గాలపువేటను గూడ చిత్రించెను. ఆ వేటలో ఈకలతోను దారముతోను ఈగబొమ్మను చేసి గాలమునకు కట్టి నీటిపై విసరుదురు; ఆ ఈగను చేయుటయే యొక చిన్న శిల్పము. అది వారికి వినోదము, మనకు వేట జీవనము; అయినను రెంటిని ఆ చిత్రకారుడు ఒకే కంటితో చూచెను. జపానువారు చేపకు సిరాపూసి, దానిపై కాగితమునొత్తి, ఉన్నది ఉన్నట్లు ముద్రదింపు పద్ధతిని 19వ శతాబ్దముననే యెఱిగియుండిరి. ఎంత చేప పడినదో చెప్పుటకు ఆ ముద్రయే సాక్ష్యము. ఖర్చులేని విద్య యిది; మన బాలురును నేర్వదగినది.

మన తీరమున ఇప్పుడు కాలము వేగముగా మాఱుచున్నది. తెప్పలున్నచోట ఫైబరు పడవలు వచ్చినవి. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను కూల్చిన సంగతి మన మింకను మఱువలేదు. కొబ్బరిచెట్టునే పెకలించిన గాలికి ఒడ్డుననున్న మట్టిబొమ్మ యొక లెక్కయా? మట్టియు కొయ్యయు నశించును. నశించినదానిని మరల చేయు చేయి ఉన్నంతవఱకు భయము లేదు. ఆ చేయియే తప్పుకొన్నచో రూపముకూడ పోవును. రాజుల శిల్పములను కాపాడుటకు ప్రభుత్వశాఖ గలదు. మన బొమ్మలకు మనమే శాఖ.

కావున ఈ మహాసభవారికిని, పోషకులకును నాలుగు మనవులు చేయుచున్నాను.

1. ప్రతి పల్లెలోను గుడియందలి రూపములను, వాని పేరులను, ఏ యాపదకు ఏ దేవతను తలచెదరో ఆ వివరమును, పెద్దలనడిగి వ్రాయింపవలెను. పాతబొమ్మకు క్రొత్తరంగు వేయుటకు మున్ను, దానిని తీసి క్రొత్తది నిలుపుటకు మున్ను, ఛాయాచిత్రము తీయింపవలెను.

2. బొమ్మ చేసినవాని పేరును, పడవపై చేపను గాని దేవతను గాని చిత్రించినవాని పేరును, సంవత్సరమును తప్పక వ్రాయవలెను. రసెల్ కాలమున జరిగిన లోపము మన కాలమున జరుగరాదు.

3. మన యాడవారును, వేటగాండ్రును చెప్పు చేపల పేరులను, చిత్రముతోగూడ ఒక పుస్తకముగా కూర్పవలెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు వేటనిషేధము గదా! వలలను బాగుచేసికొను ఆ దినములే ఈ పనికి తగినవి.

4. చిత్రలేఖనమునందు గాని, శిల్పమునందు గాని అభిరుచిగల మన బాలబాలికలకు విద్యార్థి వేతనములిచ్చి, వారు గీసిన మొదటి చిత్రము మన తీరపు వేటయే యగునట్లు ప్రోత్సహింపవలెను.

ఇవి ధనవంతులకు భారము కానేరవు. ఒక మహాసభ పందిరికగు వ్యయములో కొంతభాగమే చాలును. పలాసలోనో, టెక్కలిలోనో ఒక గదిలో ఈ చిత్రములును, వ్రాతలును చేరినచో, మన మనుమలు చరిత్ర లేదని నిట్టూర్పరు.

వేయికన్నులమ్మ కుండలోని దీపమును వెలిగించినవారెవరో మన మెఱుగము. ఆ దీపము ఆఱకుండ చమురుపోయుట మాత్రము మన చేతిలో నున్నది. ఆ పనికి ఈ సభ పూనుకొనుగాక యని ప్రార్థించుచు, సంఘాభివృద్ధిని కోరుచు విరమించుచున్నాను.