కాన్వెంటు గోడకి ఇవతల, అవతల

తెలుగునాట ఇవాళ కాన్వెంటు అంటే ఫీజు కట్టి ఇంగ్లీషు చెప్పించుకునే బడి. సరస్వతి పేరుతోనూ, వెంకటేశ్వరుడి పేరుతోనూ కాన్వెంట్లున్నాయి. కాన్వెంటంటే కన్యాస్త్రీలు ఉండే మఠమనీ, మఠాన్ని ఆనుకుని వాళ్లు నడిపిన ఆడపిల్లల బడికి ఆ పేరు అంటుకుందనీ ఆ బోర్డులు రాయించినవాళ్లకి తెలుసో తెలీదో. కాన్వెంటు చదువు వల్ల ఏం ఒరిగిందని అగ్రకులాల ఇళ్లల్లో అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ఇంగ్లీషొచ్చింది, క్రమశిక్షణ వచ్చింది, నలుగురిలో మసలడం వచ్చింది. ఇదే ప్రశ్న కోస్తా జిల్లాల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మా అమ్మల తరాన్ని అడిగితే ఈ మూడూ మొదట రావు. వేళకి తిండి దొరికిందంటారు. పెళ్లి నాలుగేళ్లు ఆగిందంటారు. నర్సు ట్రైనింగో టీచరు ట్రైనింగో అయిందంటారు. ఇంగ్లీషు మాట ఎప్పటికో వస్తుంది, అదీ నవ్వుతూ.

ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం. కాథలిక్ బాలికల హైస్కూలు మేలు చేసిందా లేదా అన్నది మా ప్రశ్న కాదు. చేసింది. మా ఇళ్లల్లో జీతం తెచ్చిన మొదటి ఆడమనుషుల్లో చాలామంది ఆ గేటు దాటి వచ్చినవాళ్లే. ఆ మేలు దేనివల్ల జరిగింది, దానికి ఎవరు ఏం చెల్లించారు, అన్నదే మేము చూడదలచుకున్నది.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. మిషనరీలు అనగానే దళితుల కోసమే వచ్చారనుకోవడం మనకి అలవాటు. ప్రొటెస్టెంట్ల విషయంలో అది కొంతవరకు నిజం. 1842లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ల దగ్గరికీ, నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన బాప్టిస్టుల దగ్గరికీ మాల మాదిగలే గుంపులుగా వెళ్లారు. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. కాథలిక్కుల కథ వేరు. 18వ శతాబ్దం మొదట్లో పుంగనూరులో అడుగుపెట్టిన ఫ్రెంచి జెసూట్ గురువులు సన్యాసుల వేషం కట్టి, పై కులాల నుంచి మొదలుపెట్టారు. రాయలసీమ నుంచి గుంటూరు సీమకి వలస వచ్చిన పాత కాథలిక్ కుటుంబాలు ఎక్కువగా రెడ్లు, కమ్మలు. దళితులు ఆ సంఘంలోకి పెద్ద సంఖ్యలో చేరింది 19వ శతాబ్దం చివర్లో, ఆ తర్వాతా. అంటే మేము చేరేటప్పటికే గుడిలో ముందు బల్లలు నిండిపోయి ఉన్నాయి. కాథలిక్ బళ్ల గురించి ఏం మాట్లాడినా ఈ వరసని మరిచిపోకూడదు.

ఆడపిల్లల చదువులోనూ ఇదే వరస. ఫిరంగిపురంలో పుట్టి, తమిళదేశంలో కీలచ్చేరికి కోడలిగా వెళ్లిన జ్ఞానమ్మ అనే తెలుగు వితంతువు 1863లో అక్కడ ఆడపిల్లల కోసం బడి పెట్టి, సెయింట్ ఆన్స్ కన్యల సభకి మూలమయ్యింది. వీరేశలింగం గారి పేరు చెప్పి మొదలుపెట్టే మన స్త్రీవిద్యా చరిత్రల్లో ఈమె కనిపించదు. అంతకుముందే 1849లో ఫ్రాన్సు నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు యానాంలో దిగి, విశాఖపట్నం వైపు బళ్లు తెరిచారు. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చారు. కోస్తాలో మా వాళ్లు 'సిస్టరమ్మలు' అని చెప్పుకునే కథల్లో సగం వీళ్ల కథలే. ఆస్ట్రేలియాలో డాక్టరీ చదివిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి ఈ సభలోనే చేరింది. మఠంలో ఉంటూనే వైద్యం చెయ్యడానికి ఆమెకి పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. కన్యాస్త్రీలు పురుళ్లు పొయ్యకూడదన్న నియమం 1936 దాకా ఉండేది మరి! ఆమె వైద్యంతో ఆగలేదు. స్థానిక ఆడపిల్లలకి నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించింది. బడి పక్కన ఆసుపత్రి ఉండటం ఎంత ముఖ్యమో కింద చెబుతాం.

ఇప్పుడు హైస్కూలు సంగతి. దళితవాడలో ఎలిమెంటరీ బడి ఎలాగో వచ్చింది. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల బళ్లకి ప్రత్యేకంగా గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టాక మిషన్ల పని కొంత తేలికయ్యింది. గుడే బడిగా, ఉపదేశే పంతులుగా, ఐదో తరగతి దాకా నడిచేది. ఆరో తరగతికి ఊళ్లోకో, పక్క ఊరికో పోవాలి. అక్కడే ఆడపిల్ల చదువు ఆగిపోయేది. ఎందుకు ఆగిందంటే పేదరికం, మూఢత్వం అని లెక్కలు రాసేవాళ్లు రాస్తారు. మేము ఒక మాట కలుపుతాం: దారి. పల్లె నుంచి హైస్కూలుకి వెళ్లే దారి రైతుల వీధిలోంచి, చెరువుగట్టు మీదుగా, చేల మధ్యగా పోతుంది. పన్నెండు పదమూడేళ్ల మాలపిల్ల, మాదిగపిల్ల పుస్తకాల సంచితో ఆ దారిన రోజూ రెండుసార్లు ఒంటరిగా నడవాలి. ఆ దారిలో ఏం జరగగలదో, జరిగితే అడిగే దిక్కు ఎవరో తల్లిదండ్రులకి బాగా తెలుసు. కాబట్టి పిల్ల పెద్దమనిషి కాగానే బడి మాన్పించి తనతోపాటు కలుపుకి తీసుకెళ్లే తల్లిని మూఢురాలని మేము అనలేం. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద షెడ్యూల్డు కులాల స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 3.29. 1981కి కూడా 10.93. ఈ అంకెల వెనక ఆ దారి ఉంది.

కాన్వెంటు బోర్డింగు చేసిన అసలు పని ఆ దారిని తీసెయ్యడం. జూన్‌లో ట్రంకుపెట్టె, చాప, కంచం పట్టుకుని గేటులోపలికి వెళితే దసరాకో, క్రిస్మసుకో బయటికి. గోడ ఎత్తుగా ఉంది, లోపల మగవాడు లేడు, గేటు దగ్గర సిస్టరమ్మ ఉంది. 'ఆడపిల్లలకు మాత్రమే' అన్న మాట నగరాల్లో స్త్రీవాదులకి అనుమానంగా తోచవచ్చు. విదేశాల్లో ఈ బళ్ల గురించి చెప్పే లాభం, మగపిల్లలు లేకపోతే ఆడపిల్లలు తరగతిలో ధైర్యంగా మాట్లాడతారనేది. మా వాడల్లో దాని అర్థం అంతకంటే మొరటైనది. పెద్దమనిషైన పిల్లని కూడా చదువుకి పంపొచ్చు, అంతే. ఆ ఒక్క కారణంతో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు దాటిన ఆడపిల్లలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. పెళ్లి మాట ఎత్తితే, సిస్టరమ్మ పరీక్షలయ్యేదాకా పంపనంటోందని చెప్పుకోవడానికి తండ్రికి ఒక సాకు దొరికింది. మేనరికం అడిగిన బావమరిది దగ్గర కూడా ఆ సాకు చెల్లింది.

రెండోది గోడ లోపలి ఆసుపత్రి, ట్రైనింగు. పురుడు, రక్తం, చీము ముట్టుకునే పని మైల అని సవర్ణ స్త్రీలు చాలాకాలం నర్సు ఉద్యోగం దరిదాపులకి రాలేదు. ఆ ఖాళీలోకి క్రైస్తవ స్త్రీలు, వాళ్లలోనూ దళిత క్రైస్తవ స్త్రీలు వెళ్లారు. మైలపని అని ఊరు మా నెత్తిన రుద్దినదే ఇక్కడ తెల్లబట్టల ఉద్యోగమయ్యింది, నెలజీతమయ్యింది. దీన్ని విముక్తి అనాలా, కులవృత్తికే యూనిఫాం తొడిగారనాలా? మాలో మాకే దీని మీద ఏకాభిప్రాయం లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలం: ఆ జీతంతో తమ్ముళ్లు చదివారు, ఇంటి కప్పు మారింది, ఆ నర్సమ్మ కూతురు నాట్లకి పోలేదు. ఒకప్పుడు కటకటాల అవతల మందుపొట్లం విసిరించుకున్న కుటుంబం నుంచి వచ్చిన మనిషి, రైతు ఇంటి కోడలికి పురుడు పోసింది. దాని విలువ జీతంతో కొలవలేం.

ఇక చెల్లింపుల సంగతి. చాలా పట్టణాల్లో ఒకే ప్రహరీ లోపల రెండు బళ్లుండేవి. రోడ్డు వైపు ఇంగ్లీషు మీడియం, ఫీజులు, రిక్షాల్లో వచ్చే డాక్టర్ల, లాయర్ల, మిల్లు యజమానుల పిల్లలు. వెనకవైపు తెలుగు మీడియం, ఎయిడెడ్, బోర్డింగు పిల్లలు. నడిపేది ఒకే మఠం, మధ్యలో తోట. తెలుగునాట హిందూ అగ్రకులాల స్త్రీలు కాన్వెంటు చదువుతో కలెక్టర్లూ డాక్టర్లూ అయితే, అదే మఠం బోర్డింగు పిల్లలు ఏ.ఎన్.ఎం.లూ సెకండరీ గ్రేడు టీచర్లూ అయ్యారు. గదులు ఊడ్చింది, వంటింట్లో బియ్యం ఏరింది, మఠం బట్టలు ఉతికింది ఎవరు? రాయితీ మీద ఉన్నవాళ్లు. పని నేర్పుతున్నామని సిస్టర్లు అనేవారు. ఫీజు కట్టిన పిల్లకి ఆ పని నేర్పే అవసరం ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేదు. దేవపిలుపు వచ్చిందని మఠంలో చేరబోయిన దళిత యువతులకి ఎదురైన అనుభవాలు ఇంకా చేదు. కులం అడగమని పైకి అంటూనే ఊరు, పేట, ఇంటిపేరు అడిగేవాళ్లు.

ఇదంతా మేము కల్పించి అంటున్నది కాదు. భారతదేశ కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారతపై తెచ్చిన విధానపత్రంలో, సంఘంలో అంటరానితనం, వివక్ష ఉన్నాయని తానే ఒప్పుకుంది. తెలుగు దళితుల్లోంచి మరంపూడి జోజి గారు హైదరాబాదు ఆర్చిబిషప్పు అయ్యేసరికి 2000 సంవత్సరం వచ్చింది. పూల ఆంతోని గారు కార్డినలైంది 2022లో. మగవాళ్ల సంగతే ఇంత ఆలస్యమైతే, మఠాల్లో పెద్దరికం ఎవరెవరికి దక్కిందో ఎవరైనా లెక్క తీశారా?

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చింది పేరు. జ్ఞానస్నానంలో ఆరోగ్యమ్మ, కన్నికమ్మ, మరియమ్మ. 1950 దాకా ఆ పేరు బోర్డింగులో సీటు తెచ్చేది. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, హిందువు కానివాళ్లు షెడ్యూల్డు కులం కాదంది. తర్వాత 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సవరించారు గానీ క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ బయటే ఉంచారు. దాంతో అదే పేరు స్కాలర్‌షిప్పుని పోగొట్టేదిగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో మతం మారిన షెడ్యూల్డు కులాలవారిని బి.సి.-సి అని వేరుచేసి ఒక్క శాతం ఇచ్చారు. ఆ ఒక్క శాతంలో ఎంతమంది ఇరుకుతారు? అందుకే తండ్రులు బడిలో చేర్పించేటప్పుడు లక్ష్మి అనో, సుజాత అనో రాయించారు. మతం గడిలో హిందూ, కులం గడిలో మాల లేక మాదిగ. బడి రిజిస్టరులో ఒక పేరు, గుడి రిజిస్టరులో ఇంకో పేరు. రెండు రిజిస్టర్లూ ఒకే కాంపౌండులో, కొన్నిచోట్ల పక్కపక్క గదుల్లో. హెడ్‌మిస్ట్రెస్ సిస్టరుకి రెండూ తెలుసు. ఆవిడ ఏమీ అడగకుండా సంతకం పెట్టేది. ఆ సంతకాన్ని మోసమనేవాళ్లకి మేము చెప్పేదొకటే, జ్ఞానస్నానం తీసుకున్న మర్నాడు రైతు ఆ పిల్లని వేరే గ్లాసులో నీళ్లు తాగించడం మానెయ్యలేదు. ఈ విషయం తేల్చమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సిఫారసు ఇచ్చింది, 2022లో ఇంకో కమిషను వేశారు. రెండు పేర్లతో బతికిన ఆడవాళ్లు మాత్రం ఉద్యోగం పోతుందన్న భయంతో రిటైరయ్యేదాకా ఆదివారం పూజకి వెనక బల్లలో కూర్చున్నారు, కొందరు అసలు వెళ్లలేదు. చదువిచ్చిన గుడికి, ఆ చదువు కోసమే దూరమవడం! దీనికి మా దగ్గర మంచి మాట లేదు.

ఇప్పుడు ఆ తెలుగు మీడియం ఎయిడెడ్ బళ్లు చాలాచోట్ల ఆఖరి దశలో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఖాళీ పోస్టులు నింపలేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహానో, సిబ్బందినో అప్పగించాలని ఉత్తర్వులు తెచ్చినప్పుడు, తల్లులూ పిల్లలూ రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం యథాతథంగా కొనసాగొచ్చని వెసులుబాటిచ్చింది. అప్పటికే సిబ్బందిని వదులుకున్న బళ్లున్నాయి. రోడ్డువైపు ఇంగ్లీషు మీడియానికి ఏ ఢోకా లేదు. పోయేది తోట వెనకదే.

ఆ వెనక బడి ఆఫీసుగదుల్లో అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టినరోజు (సగం మందికి జూలై ఒకటి!), చేరిన తరగతి, వెళ్లిన తేదీ, వెళ్లడానికి కారణం. తెలుగు దళిత స్త్రీ చదువు చరిత్రకి ఇంతకంటే గట్టి ఆధారం ఇంకోటి మాకు కనబడలేదు. బడి మూతపడితే ఇవి ఎక్కడికి పోతాయో తెలీదు. మఠాల పెద్దలని అడిగి వాటికి నకళ్లు తీసే పని మేము మొదలుపెట్టాలనుకుంటున్నాం. పాఠకుల ఇళ్లల్లో అమ్మల, పెద్దమ్మల ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు, టి.సి.లు, బోర్డింగులో తీయించుకున్న గ్రూపు ఫొటోలు ఉంటే పారెయ్యకండి. ఫొటో వెనక పేర్లు రాసి ఉంచండి. రెండు పేర్లుంటే రెండూ రాయండి.